ఎక్స్ఛేంజ్ పిల్లల పెట్టెలో పరుగు బూట్లు కూడా పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

జె-1 వీసా (విద్యార్థి మార్పిడి, అంటే ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలకు ఇచ్చేది) మీద ఏడాది పాటు అమెరికా హైస్కూల్లో చదవడానికి వెళ్లే పిల్లల ఇళ్లలో వేసవి నుంచే సామాను సర్దుడు మొదలవుతుంది. చలి కోట్లు, పచ్చళ్లు, అక్కడ సన్నబియ్యం దొరుకుతాయా అన్న ఆరాలు. స్నేహితుల సంగతి ఎవరూ అడగరు. స్కూలన్నాక వాళ్లే దొరుకుతారని ధీమా. పొరపాటు అక్కడే. మనలా ‘ఎ సెక్షన్’, ‘బి సెక్షన్’ అక్కడ ఉండవు, ఎవరి టైమ్‌టేబుల్ వాళ్లది. మొదటి పీరియడ్‌లో పక్కన కూర్చున్న అమ్మాయి రెండో పీరియడ్‌కి ఇంకో గదిలో ఉంటుంది. గది మారడానికి ఇచ్చే నాలుగైదు నిమిషాల్లో మాట ‘హాయ్’ దాటదు. మధ్యాహ్నం భోజనాల హాల్లో ట్రే పట్టుకుని, ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తోచక నిలబడిపోతారు.

స్కూలు టీములో చేరితే రోజూ రెండు గంటలు అవే ముఖాలు కనిపిస్తాయి. కానీ ఏ టీము? మన పిల్లలు తమకు వచ్చిన ఆట కోసమే వెతుకుతారు. క్రికెట్ టీములు స్కూళ్లలో ఉండవనే అనుకోవాలి. బ్యాడ్మింటన్ కొన్ని రాష్ట్రాల్లోనే ఉంది. సాకర్, వాలీబాల్, బాస్కెట్‌బాల్‌కు ట్రైఅవుట్లు పెట్టి వడపోస్తారు. ఆరేళ్ల వయసు నుంచి ఆడుతున్న వాళ్ల పక్కన మనవాళ్లు నిలవడం కష్టం. పైగా బాస్కెట్‌బాల్ మొదలయ్యేది నవంబరులో. అప్పటిదాకా ఆగితే ఎవరి బల్లలు వాళ్లకు ఖాయమైపోయి ఉంటాయి.

అందుకే క్రాస్‌కంట్రీ పరుగు. ఆగస్టులో మొదలై దాదాపు నవంబరు మొదట్లో ముగుస్తుంది. ఎక్కువ స్కూళ్లలో ఎవరొచ్చినా చేర్చుకుంటారు. గడ్డి మీదా, చెట్ల మధ్య బాటలమీదా సాధారణంగా 5 కిలోమీటర్ల పోటీ. ప్రధాన రేసులో టీముకు ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు, తక్కువ మొత్తం వచ్చినవాళ్లు గెలిచినట్టు. 1, 2, 3, 4, 5 స్థానాలు ఒకే టీముకు వస్తే 15, అంతకన్నా తక్కువ రాదు. ఆరో వాడు, ఏడో వాడు లెక్కలోకి రాకపోయినా ఎదుటి టీము ఐదో వాడికన్నా ముందు చేరితే వాళ్ల మొత్తం పెరుగుతుంది. మిగతావాళ్లకు జేవీ (జూనియర్ వర్సిటీ, అంటే రెండో జట్టు) రేసు వేరే పెడతారు కాబట్టి అందరికన్నా నెమ్మదైన పిల్లాడికీ జెర్సీ, రేసు రెండూ ఉంటాయి. బెంచీ మీద కూర్చునే పని లేదు.

స్నేహం అసలు కుదిరేది రేసులో కాదు, మామూలు రోజుల నెమ్మది పరుగులో. మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత వేగమే ఉండాలని కోచ్‌లే చెబుతారు. నలభై నిమిషాలు పక్కపక్కనే, ఎదుటివాళ్ల ముఖంలోకి చూడక్కర్లేకుండా. యాస అర్థం కాకపోతే మళ్లీ అడగడానికి మొహమాటం ఉండదు, మాట ఆగిపోయినా ఎబ్బెట్టుగా ఉండదు. (కోచ్‌ని ‘సర్’ అనక్కర్లేదు, ‘కోచ్’ అంటే చాలు.)

ఇక్కడినుంచే ఎనిమిది వారాలు సాధన చేయాలి. పొద్దున ఐదున్నరకే మొదలుపెట్టాలి, మన ఎండలో ఏడు దాటితే కష్టం. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా ఇరవై నిమిషాలు. వారానికి కొంచెం చొప్పున పరుగు పెంచుకుంటూ పోయి చివరికి ఆగకుండా అరగంట పరుగెత్తగలిగితే చాలు, వేగం అక్కడ వస్తుంది. ఏమీ చేయకుండా వెళ్లి మొదటి వారమే వాళ్లతో సమానంగా పరుగెత్తబోతే మోకాలి కింద ముందెముక పొడవునా నొప్పి పట్టుకుంటుంది. రెండు మూడు వారాలు పక్కన కూర్చోవాల్సి వస్తుంది, స్నేహాలు కుదిరే వారాలూ అవే. కొత్త బూట్లు ప్రయాణం రోజు కాదు, మూడు వారాల ముందే కొని అలవాటు చేసుకోవాలి. స్పైక్స్ (అడుగున మేకులుండే రేసు బూట్లు) ఇక్కడ కొనకండి, అవసరమైతే కోచ్ చెబుతారు.

కాగితాలదే పెద్ద చిక్కు. స్కూలున్న రాష్ట్రం ఫారం మీద వైద్య పరీక్ష పూర్తి కానిదే ప్రాక్టీసుకు కూడా రానివ్వరు. మన డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ చాలాచోట్ల చెల్లదు. ఎక్స్ఛేంజ్ కార్యక్రమం ఇచ్చే ఇన్సూరెన్స్ జబ్బులకే గానీ ఇలాంటి పరీక్షకు సాధారణంగా డబ్బివ్వదు, చేతి నుంచి పెట్టుకోవాలి. స్కూలు టీముల్లో తగిలే దెబ్బలను మినహాయించే పాలసీలూ ఉన్నాయి, ఆ పేజీ ప్రయాణానికి ముందే చదవండి. టీకాల రికార్డు, కన్న తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం పిల్లల చేతికే ఇచ్చి పంపండి. ఇంకో మాట. అక్కడ ఇంట్లో ఉంచుకునే హోస్ట్ కుటుంబం ఏది, స్కూలు ఏది అన్నది ఖరారు కాకముందే కోచ్‌లకు మెయిళ్లు పెట్టొద్దు. ఆట కోసమే ఆ స్కూలుకు వచ్చారని తేలితే రాష్ట్ర క్రీడా సంఘం ఆడనివ్వకపోవచ్చు.

ప్రాక్టీసు అయ్యేసరికి స్కూలు బస్సులు వెళ్లిపోతాయి. ఇంటికి ఎవరు దింపుతారో, తోటి పిల్లల కారు ఎక్కవచ్చో లేదో హోస్ట్ కుటుంబంతో మొదటి వారంలోనే తేల్చుకోవాలి. కార్తీక సోమవారం ఉపవాసమైతే కోచ్‌కి ముందే చెప్పాలి, ఖాళీ కడుపుతో 5 కిలోమీటర్లు పరుగెత్తి పడిపోయాక కాదు.

రేసు ముందు రోజు రాత్రి చాలా టీములు ఎవరో ఒకరింట్లో పాస్తా భోజనం పెట్టుకుంటాయి. శాకాహారులు సాస్‌లో మాంసం ఉందేమో అడిగి వడ్డించుకోవాలి. మనవాళ్లు ఒక గిన్నెడు పులిహోర కలిపి తీసుకెళ్తే ఖాళీ గిన్నే తిరిగొస్తుంది. కాకపోతే టీములో ఎవరికైనా వేరుశనగ, జీడిపప్పు పడవేమో ముందే కనుక్కోవాలి. ఆ ఎలర్జీ ఉన్నవాళ్లకు ఒక్క పలుకు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. ఆ పూటకు పోపులో శనగపప్పు, మినప్పప్పు చాలు, అవైనా వేరుశనగలు వేయించని మూకుడులో వేయించాలి.

– ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇచ్చే వలంటీరు, హైదరాబాద్