సిప్ ఆగింది భయంతో కాదు సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ బిజినెస్ పేజీలో మ్యూచువల్ ఫండ్స్ సలహాలు వచ్చినప్పుడల్లా కరోనా టైమ్ ముచ్చట ఒకేలా ఉంటోంది, మార్కెట్ పడ్డప్పుడు భయపడి సిప్ (నెలనెలా ఫండ్‌లో కట్టే వాయిదా) ఆపినోళ్లు నష్టపోయారు, ఓపిక పట్టినోళ్లు బాగుపడ్డారు అని. లెక్క తప్పని అనను, నేను ఖమ్మంలో ఓ ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్నే. ఆ "భయపడి" అన్న మాట దగ్గరే నాకు మండుద్ది.

2017 జూన్ నుంచి నెలకి 3 వేలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ వెంటే నడిచే ఫండ్) వేసేవాణ్ణి. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడి 25,981 దగ్గర ఆగింది, ఆ రాత్రి ఫోన్‌లో చూస్తే లక్షా రెండు వేలు కట్టినచోట 72 వేల చిల్లర ఉంది, మా ఆవిడ కంట పడకుండా ఫోన్ బోర్లా పెట్టేశా. అయినా ఆపలేదు. ఏప్రిల్ వాయిదా కూడా పోయింది, జనవరిలో అదే 3 వేలకి వచ్చినవాటి కంటే మూడో వంతు ఎక్కువ యూనిట్లు (ఫండ్‌లో వాటాలు) వచ్చాయి, పైకి చెప్పలేదు గానీ సంతోషపడ్డా.

మే వాయిదా మాత్రం బౌన్స్ అయింది. స్కూల్ మూత, ఫీజులు రాలేదు కాబట్టి జీతాల్లేవన్నారు, అకౌంట్‌లో ఉన్న కాస్త దాంట్లో బ్యాంకోళ్లు 295 రూపాయలు బౌన్స్ ఛార్జీ లాక్కున్నారు. జూన్‌లో అద్దెకీ నాన్న మందులకీ 50 వేలు తీసేశా, అప్పటికి నిఫ్టీ 10 వేల దగ్గరికొచ్చినా పెట్టినదానికి ఇంకా ఐదు శాతం లోటే. మేలోనే ఆర్‌బీఐ రెపో రేటు (బ్యాంకులకి తను అప్పిచ్చే వడ్డీ) 4 శాతానికి దించింది, తర్వాత ఎఫ్‌డీల మీద వడ్డీ తగ్గిపోయింది, విదేశీ డబ్బు తిరిగొచ్చింది, ఫార్మా ఫండ్లయితే ఎగిరి గంతేశాయి, 2021 ఫిబ్రవరికి సెన్సెక్స్ 50 వేలు దాటింది. నా 50 వేలు ఉండుంటే 70 వేల పైమాటే. మార్కెట్‌కి ఏడాదిలోపే ప్రాణం లేచొచ్చింది, మా ప్రైవేట్ టీచర్లకి రాష్ట్ర ప్రభుత్వం 2 వేలు, 25 కిలోల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టిందే 2021 ఏప్రిల్‌లో.

నేనొక్కణ్ణే కాదు, దేశం మొత్తమ్మీద సిప్‌ల్లోకి 2020 మార్చిలో 8,641 కోట్లొస్తే నవంబర్‌కి 7,302 కోట్లకి పడిపోయింది, మార్కెట్ పెరుగుతున్న నెలల్లోనే! భయమే అయితే మార్చిలో పారిపోవాలి కదండీ.

సరే, అవసరానికి డెట్ ఫండ్‌లో (షేర్లు కాకుండా బాండ్లు కొనే ఫండ్) పెట్టుకోవాల్సింది అంటారా. మాకు ఫండ్లు అమ్మినాయన కూడా "ఎఫ్‌డీ లాంటిదే సార్" అనేవాడు. సరిగ్గా ఆ 2020 ఏప్రిల్ 23నే ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ కంపెనీ ఆరు డెట్ స్కీములు మూసేసింది, దాదాపు 25 వేల కోట్లు ఇరుక్కుపోయాయి. అందరూ డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లే, ఆ స్కీముల చేతిలో ఉన్న బాండ్లు కొనే దిక్కు లేదు. తర్వాత విడతలవారీగా వచ్చాయి, నిజమే, అద్దె అడిగే ఓనర్ విడతలవారీగా అడగడు కదా.

ఇప్పుడు మళ్లీ వేస్తున్నా, నెలకి 1,500. మిగతా 1,500 పోస్టాఫీసు ఆర్‌డీలో. మీ కాలమిస్టు గారిని ఒక్కటి అడగండి, ఆ మే నెలలో నా స్థానంలో ఉంటే 3 వేల వాయిదా ఎక్కడినుంచి తెచ్చి కట్టేవారో. ఆయన రాస్తే వేయండి, చదువుతా.

ఇట్లు,
ఒక ప్రైవేట్ స్కూల్ టీచర్, ఖమ్మం