వాల్తేరు హాస్టల్‌లో ఉన్న సుధకు

చిరంజీవి సుధకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోన్ చేసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ల్యాబులో ఉంటావని నేనూ చేయలేదు. మొన్న చంటిగాడు ఓ మాట మోసుకొచ్చాడు, అది తర్వాత రాస్తాను. ముందు సున్నుండల డబ్బా మూత బిగించి పెట్టావో లేదో చెప్పు. ఆ సముద్రపు గాలికి రెండో వారానికే మెత్తబడి ముక్కిపోతాయి.

మీ ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించి అనుకుంటున్నాను. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో మొదలైంది. ఎక్కడ ఉండాలన్న తగువు తెగి వాల్తేరు చేరేసరికి 1930 వచ్చింది. మొదటి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆ ఏడే ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా చేశారు. 1931లో రాధాకృష్ణన్ గారు వచ్చారు. 1936లో మళ్లీ రెడ్డిగారే వచ్చి 1949 దాకా నడిపారు. ఆయన ఓసారి పదవి వదిలిపెట్టారు, నిజమే. కానీ ఎందుకో నలుగురికీ తెలిసేలా చెప్పి వదిలారు.

చంటి తెచ్చిన మాట అదే. నువ్వు పీహెచ్‌డీ మానేసి హైదరాబాద్‌లో ఏదో ఉద్యోగం చూసుకుంటున్నావట. నిజమా? పెద్దత్తకి ఇంకా చెప్పలేదు.

మీ కెమిస్ట్రీ వాళ్లకి టి.ఆర్. శేషాద్రి గారి పేరు కొత్త కాదు. 1934లో వాల్తేరు వచ్చి పత్తిపువ్వు పట్టుకున్నారాయన. పొద్దున పసుపుగా విచ్చి, వాడేసరికి ఎర్రబారే ఆ పువ్వులో ఏ రంగు పదార్థాలున్నాయో తేల్చాలి. పూరేకులు ఎండబెట్టడం, వేడి ఆల్కహాల్‌లో మరిగించడం, ఆ రసాన్ని చిక్కబరిచి పసుపు పలుకులు దిగేదాకా కాచుకోవడం, శుద్ధి కాకపోతే మళ్లీ కరిగించడం. బుట్టెడు పూలు పోస్తే చిటికెడు దక్కే పని. అది సాగుతుండగానే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. యూనివర్సిటీ భవనాలు సైన్యం తీసుకుంది. పని గుంటూరుకి మారింది. ఒక్క కండెన్సర్ పగిలితేనే నీకు వారం పాడవుతుంది, అలాంటిది ల్యాబుకి ల్యాబే ఎత్తుకెళ్లడమంటే ఊహించు. అయినా మానలేదు. యుద్ధం అయ్యాక మళ్లీ వాల్తేరు వచ్చారు, 1949లో ఢిల్లీ వెళ్లేదాకా ఇక్కడే ఉన్నారు.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకున్నాను. కానీ లెక్క తెలియకుండా నిర్ణయం తీసుకోకు. విశ్వవిద్యాలయాలను చూసే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి చేరిన రోజు నుంచి ఆరేళ్ల గడువు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, ఆడపిల్లలకి ఆపైన ఇంకో రెండు. నీకు మూడేళ్లు దాటిందంతే. కోర్సువర్క్‌లో 55 శాతం నీకెప్పుడో వచ్చింది. జర్నల్ పేపరు అచ్చయితేనే థీసిస్ తీసుకుంటామన్న షరతు యూజీసీ ఎత్తేసింది, మీ డిపార్ట్‌మెంటులో మాత్రం అడిగి తెలుసుకో. ప్రతి సెమిస్టరుకీ సలహా కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి కదా, దాన్ని మాత్రం ఎగ్గొట్టకు. పని బాగాలేకపోతే కారణాలు రాసి, ఏం దిద్దుకోవాలో చెప్పాల్సింది వాళ్లే. ఆ దిద్దుబాటు కూడా నువ్వు చేయకపోతేనే రద్దు మాట వస్తుంది. ఫలితం రాలేదని మొహం చాటేస్తే వాళ్లు చెప్పే వీలే లేకుండా పోతుంది.

థీసిస్ రాసేటప్పుడు ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటనివ్వకు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆర్నెల్లలో మళ్లీ రాసివ్వమంటారు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. ప్రయోగ పద్ధతుల భాగంలోనే ఎక్కువ దొర్లుతుంది, పాత పేపర్లలో వాక్యాలు అలాగే దించేస్తారు గనక. నీ మాటల్లో రాసుకో.

గైడుతో మాటపట్టింపా? ఫెలోషిప్పు ఆగిందా? డబ్బు సంగతైతే నాన్నకి చెప్పక్కర్లేదు, నాకు చెప్పు. రాత్రి పదకొండింటికి ల్యాబు నుంచి ఒక్కదానివే నడిచి రాకు. భోజనం మానేసి టీలతో గడపకు.

శనివారం చంటి మద్దిలపాలెంలో దిగుతాడు. కందిపొడి, రెండు దుప్పట్లు, నీ నీలం స్వెట్టరు పంపుతున్నాను. ఖాళీ డబ్బా వాడికిచ్చెయ్. ఇచ్చేటప్పుడు వాడి ఫోన్‌లోనైనా ఒక్కసారి మాట్లాడు. మానేశావో లేదో తర్వాత చెప్పినా సరే, ముందు నీ గొంతు విననీ.

అమ్మ