నియమాలు రాసేటప్పుడు వెనుక వరుసను చూడాలి

సంపాదకులకు నమస్కారం.

ఔత్సాహిక కారు రేసుల్లో ఒక విభాగం, అంటే ఒకే నియమాల కింద పోటీపడే కార్ల తరగతి, బాగుందో లేదో తేల్చడానికి చాలామంది గెలిచిన కార్ల ల్యాప్ సమయాలు చూస్తారు. నా దృష్టిలో చూడవలసింది చివరి వరుసల్లో పరుగెత్తినవారు మరుసటి సీజనుకు తిరిగి వచ్చారా లేదా అన్నది.

ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్‌లో 1967లో తొలి రేసు జరుపుకున్న ఫార్ములా ఫోర్డ్ అనే ఒంటి సీటు కార్ల విభాగం ఇన్ని దశాబ్దాలు నిలిచింది వేగం వల్ల కాదు. మామూలు ఫోర్డ్ కార్టినా కారు ఇంజిను, కారును నేలకు అదిమే రెక్కలు లేని బాడీ, రోడ్డు టైర్లు, కారు ధర 1000 పౌండ్లు దాటకూడదన్న తొలినాటి లక్ష్యం, ఇవన్నీ కలిసి డబ్బున్నవారికే గెలుపు దక్కకుండా కాపాడాయి. అంతకు కొన్నేళ్ల ముందు అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ విడిభాగాలతో పుట్టిన ఫార్ములా వీ కూడా ఇప్పటికీ నడుస్తోంది.

ఇటువంటి విభాగాలను ఎక్కువగా దెబ్బతీసేది ఏటేటా ‘చిన్నదే కదా’ అని ఒప్పుకునే సడలింపు. టైరునే తీసుకుందాం. మెత్తని రబ్బరు టైరు పలుమార్లు వేడెక్కి చల్లారేసరికి తన మొదటి పట్టును కోల్పోతుంది గనుక, దాన్ని అనుమతించిన రోజు నుంచి ప్రతి రేసుకూ కొత్త జత కొనగలిగినవారిదే పైచేయి అవుతుంది. గట్టి రబ్బరుతో చేసిన ఒకే రకం టైరును అందరికీ నిర్ణయిస్తే ల్యాపుకు కొంత సమయం పోవచ్చు గానీ, అదే జత చాలా రేసులకు వస్తుంది. తేలికైన ఫ్లైవీలు (ఇంజిను తిరుగుడును నిలకడగా ఉంచే చక్రం), ఖరీదైన డ్యాంపర్ల (స్ప్రింగుల ఊపును అదుపుచేసే పరికరాల) విషయమూ అంతే. ముందు వరుసవారు వాటిని బిగించుకోగానే వెనుకవారి కారు పోటీకి పనికిరాకుండా పోతుంది, అటువంటి కారునే అందుబాటు ధరకు కొని రంగప్రవేశం చేయవలసిన కొత్తవారికి దారి మూసుకుపోతుంది.

మార్పే వద్దని నేను అనను. పాత ఇంజిను విడిభాగాలు దొరకనప్పుడు మార్చక తప్పదు. అమెరికా ఫార్ములా ఫోర్డ్‌లో హోండా ఫిట్ కారు ఇంజినును అనుమతించినప్పుడు ఫోర్డ్ వారి పాత కెంట్ ఇంజినును తొలగించలేదు. కొత్తదానికి వెళ్లే గాలిని రెస్ట్రిక్టరుతో తగ్గించి, రెండింటి బలాన్నీ దగ్గరకు తెచ్చారు. పాత కారు యజమానిని నష్టపరచని మార్పు అంటే అదే.

తనిఖీ లేని నియమం నిజాయితీపరుడికే శిక్ష. అందుచేత రేసు ముగిశాక విజేత కారుతోపాటు చీటీ తీసి ఎంచుకున్న మరో కారు ఇంజినును కూడా విప్పి చూడాలని, సాంకేతిక నియమాలను కనీసం మూడేళ్లపాటు కదపరాదని, నియమాల సంఘంలో ఎన్నడూ పోడియం (మొదటి మూడు స్థానాలవారి వేదిక) ఎక్కని డ్రైవర్లకూ ఓటు ఇవ్వాలని నిర్వాహకులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఔత్సాహిక డ్రైవరు