కూరగాయల మడులకు చోటు ఇప్పుడే అడుగుదాం

అందరికీ నమస్కారం. మన సర్జాపూర్ రోడ్ లేఅవుట్ రెండో దశ ప్లాన్ ఆదివారం చూపిస్తున్నారు. లాన్ ఉంది, క్లబ్ హౌస్ ఉంది, కూరగాయల మడులకు మాత్రం జాగా లేదు.

ఇళ్లు లేచాక మిద్దె మీద పెంచుకోవచ్చని కొందరన్నారు. తడి మట్టి ఒక అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల బరువు. మనుషులు తిరిగే మామూలు మిద్దెకు లెక్కలో వేసే అదనపు బరువు 150 కిలోలే! డిజైన్‌లోనే ఆ బలం పెట్టకపోతే స్లాబుకు ప్రమాదం, పైగా లీకేజీ టెన్షన్.

అందుకే నేల మీదే, రోజుకు ఐదారు గంటలు ఎండ తగిలే చోటు అడుగుదాం. ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నీళ్లు మునగకు, అరటికి సరే. ఆకుకూరలకు వద్దు. వాటికి వాననీటి ట్యాంకు నుంచి వేరే పైపు కావాలి, అదీ రోడ్లు వేయకముందే పడాలి. పక్కనే తడిచెత్త కంపోస్టుకు కాస్త చోటుంటే ఎరువు బయట కొనే పని తగ్గుతుంది.

మా అమ్మ బాల్కనీ కుండీల్లో పెంచే గోంగూర ఒక్క పూట పచ్చడికే సరిపోతోంది. ఈ ఎర్రమట్టి నేలలో నాలుగు మడులుంటే ఎంత బాగుంటుందో!

ఆదివారం ఎవరెవరు వస్తున్నారో ఇక్కడే చెప్పండి.