రష్ పాటల తెలుగు శ్రోతల బృందం, టొరంటో: 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో పెట్టెలు కట్టుకుని పియర్సన్ విమానాశ్రయంలో దిగిన ప్రతి కుటుంబం సామాను ట్యాగు మీద ఆ మూడక్షరాలు చూసే ఉంటుంది: వై వై జెడ్. టొరంటో విమానాశ్రయం కోడ్ అది. 1981 ఫిబ్రవరిలో వచ్చిన 'మూవింగ్ పిక్చర్స్' ఆల్బమ్‌లో టొరంటో రాక్ బృందం రష్ ఇదే పేరుతో ఒక వాద్యగీతం పెట్టింది. బేస్ వాయించే గెడ్డీ లీ, డ్రమ్స్ వాయించే నీల్ పీర్ట్ కూర్చిన ఆ గీతం మొదలయ్యేదే ఈ మూడక్షరాల మోర్స్ సంకేతంతో. ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ సమయం దీనికే పోయింది కాబట్టి ముందు దాని సంగతే రాస్తున్నాం. సాధనకు రాలేకపోయినవాళ్లు ఇది చదివి ఇంట్లో మొదలుపెట్టుకోవచ్చు.

వై వై జెడ్ సాధన

మోర్స్‌లో వై అంటే గీత, చుక్క, గీత, గీత. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క. పాటలో గీతకు రెండు మాత్రలు, చుక్కకు ఒక మాత్ర. మూడక్షరాల్లో కలిపి గీతలు 8, చుక్కలు 4. అంటే 16, 4 కలిపి 20 మాత్రలు. పాశ్చాత్య సంగీతంలో దీన్నే 10/8 అని రాస్తారు. బడిలో గణవిభజన చేసినవాళ్లకు ఇంకో దారి ఉంది: గీతను గురువు అనుకోండి, చుక్కను లఘువు అనుకోండి. వై అంటే ర గణం పక్కన ఒక గురువు, జెడ్ అంటే త గణం పక్కన ఒక లఘువు. మాత్రలు వరసగా 7, 7, 6. మన బృందంలో డ్రమ్స్ ముట్టని వాళ్లకు కూడా ఈ లెక్క చెప్పగానే వరస నోటికి వచ్చేసింది.

చేతిలో వేసుకోవడానికి ఖండజాతి ఏక తాళం చక్కగా సరిపోతుంది. ఒక దెబ్బ, నాలుగు వేళ్లు, ఒక్కో లెక్కకు 'తకధిమి' చొప్పున నాలుగు మాత్రలు: మొత్తం 20. మొదటి వై దెబ్బ మీదే ఎత్తుకుంటుంది. రెండో వై రెండో లెక్కలో చివరి మాత్ర మీద, అంటే 'మి' మీద ఎత్తుకోవాలి. జెడ్ నాలుగో లెక్కలో మూడో మాత్ర మీద, 'ధి' మీద వస్తుంది. మెట్రోనోమ్‌ను (లయ చూపే యంత్రం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, ముందు నోటితో, తర్వాత తొడ మీద చేతితో, ఆ తర్వాతే వాయిద్యం మీద. వేగం పెంచే తొందర వద్దు.

ఎక్కడ తప్పుతోందో సాధనలో స్పష్టంగా తేలింది. రెండో వైని ఒక మాత్ర ఆగి మూడో లెక్క మీద ఎత్తుకోవడం అందరిలోనూ కనిపించిన పొరపాటు. చెవికి అదే సహజంగా అనిపిస్తుంది, ఎందుకంటే కొత్త అక్షరం కొత్త లెక్క మీద పడాలని మనసు కోరుకుంటుంది. అలా చేస్తే ఆవృత్తం 21 మాత్రలై, రెండో చుట్టుకే గిటార్ ఒక దారి, డ్రమ్స్ ఒక దారి అవుతాయి. రెండో పొరపాటు మోర్స్ బాగా తెలిసినవాళ్లది. అసలు మోర్స్‌లో గీత నిడివి చుక్కకు మూడు రెట్లు, పైగా అక్షరాల మధ్య విరామం ఉంటుంది. పాటలో రెండు రెట్లే, విరామం లేదు. రేడియో అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. మూడోది, జెడ్ చివరి రెండు చుక్కలను సాగదీయడం. ఆ రెండూ ఒక్కొక్క మాత్రే. అక్కడ కుదించకపోతే మళ్లీ మొదటి దెబ్బకు చేరుకోలేం.

వరస కుదిరాక స్వరం. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ మధ్య ఉన్న దూరమే ఇందులో గిటార్‌కూ బేస్‌కూ ఆధారం. పంచమం మీద కాలు మోపకుండా ఆ రెండింటి మధ్యే తిరగడం వల్ల ఆ మొదటి క్షణాల్లో ఏదో ముంచుకొస్తున్నట్టుండే బిగువు వస్తుంది. పీర్ట్ దీన్ని డ్రమ్స్ మీద కాక క్రోటేల్స్ అనే చిన్న కంచు పళ్లేల మీద మొదలుపెడతాడు. మన దగ్గర అవి లేవు. చిన్న తాళాలు వాడి చూశాం. నాదం ఎక్కువసేపు నిలిచి పక్క మాత్రలోకి పారుతోంది కనుక ప్రతి దెబ్బ తర్వాత వేలితో అదమాలి.

ఇందులో సాహిత్యం ఒక్క ముక్క లేదు. అయినా 2002 నవంబరు 23న రియో డి జనీరోలోని మారకానా స్టేడియంలో సుమారు 40,000 మంది ఈ గీతంలోని వరసలను గొంతెత్తి పాడారు. 'రష్ ఇన్ రియో' రికార్డులో అది వినిపిస్తుంది. అభిమానం అంటే ఏమిటని మనల్ని ఎవరైనా అడిగితే ముందు అది వినిపిస్తున్నాం.

మూడు వాయిద్యాలతో నిండుదనం ఎలా

రష్‌లో మనుషులు ముగ్గురే. 1974 జూలైలో పీర్ట్ చేరినప్పటి నుంచి 2015 వరకు అదే ముగ్గురు. లీ బేస్ వాయిస్తూ పాడతాడు, అవసరమైన చోట కీబోర్డు మీదికి మారతాడు, కాళ్లతో 13 మెట్ల మూగ్ టారస్ పెడల్స్ నొక్కుతాడు. బేస్ ఇలా తన దారిన తిరుగుతుంటే వెనక శ్రుతి నింపాల్సిన భారం ఆలెక్స్ లైఫ్‌సన్ ఒక్క గిటార్ మీద పడుతుంది. దానికి ఆయన పట్టిన ఉపాయం తీగలను వదిలి మోగనివ్వడం.

గిటార్ వాయించే సభ్యులతో ఒక కార్డును (ఒకేసారి మోగే స్వరాల గుంపును) చాలా సేపు సాధన చేయించాం. అభిమానులు 'హెమిస్ఫియర్స్ కార్డు' అని పిలుచుకునేది ఇదే. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఫ్రెట్లు: 2, 4, 4, 3, 0, 0 (0 అంటే నొక్కకుండా వదిలిన తీగ). చూపుడువేలిని అడ్డంగా పరిచి పట్టే మామూలు ఎఫ్ షార్ప్ బారె కార్డు పట్టుకుని పై రెండు సన్న తీగల మీద నుంచి చూపుడువేలు లేపేస్తే వచ్చేది ఇది. అక్కడే చిక్కు. బారె అలవాటు ఉన్న వేలు తెలియకుండానే అడ్డంగా పడుకుని ఆ రెండు తీగలను తొక్కేస్తుంది, అప్పుడు వినపడేది మామూలు కార్డే. చూపుడువేలి కొనతో లావు తీగ ఒక్కటే పట్టి, మణికట్టును కొంచెం ముందుకు తెచ్చి, అరచేతి అంచు సన్న తీగకు తగలకుండా చూసుకోవాలి. ఒక్కొక్క తీగా విడిగా మీటి ఆరూ మోగుతున్నాయో లేదో చూడండి. మూడో తీగ మీద మధ్యవేలు ఒరిగితే రెండో తీగ మూగబోతుంది.

'సబ్‌డివిజన్స్' (1982) మొదలయ్యే 7/8 గురించి కూడా మాట్లాడుకున్నాం. మిశ్ర చాపు తెలిసినవాళ్లకు ఏడు లెక్క కొత్త కాదు. అయితే 3, 4 అనే విరుపును ముందే మనసులో పెట్టుకుని పాట మీద రుద్దకుండా, కీబోర్డులో ఊనిక ఎక్కడ పడుతోందో విని చేయి వేయడం మంచిది.

ఎల్‌పీల సంరక్షణ

1976 నాటి '2112' ఎల్‌పీ మొదటి వైపంతా ఒకే రచన, 20 నిమిషాల 33 సెకన్లు. సభ్యులు తెచ్చిన కాపీల్లో ఎక్కువవాటికి ఒకటే జబ్బు: చివరికి వచ్చేసరికి ధ్వని గరగరలాడుతుంది. రికార్డు అరిగిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. ప్రతిసారీ అది నిజం కాదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు నడుస్తుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ పొడవులో ఇరికించాలి. ఈ రచనలో అతి పెద్ద శబ్దాలు వచ్చేది ముగింపులో, అంటే సరిగ్గా ఆ ఇరుకు గాడిలో. సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ కొంచెం వంకరగా ఉన్నా మొదట్లో తెలియదు, ఇక్కడ బయటపడుతుంది.

చేయాల్సినవి ఇవి. కాగితపు ప్రొట్రాక్టర్ వేసి రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా ఉందో చూడాలి. సూది బరువు తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచున పెట్టాలి. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌లకు అది 1.75 నుంచి 2 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. గాడిని కాపాడదామని బరువు తగ్గిస్తే జరిగేది తిరగబడుతుంది: సూది గోడల మధ్య ఎగిరెగిరి పడి గాడిని చెక్కేస్తుంది. సూదిని బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవాలి.

కడగడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. మన కుళాయి నీళ్లలోని ఖనిజాలు ఆరాక గాడిలో తెల్లగా మిగిలిపోతాయి. చలికాలం ఫర్నేస్ వేడికి ఇంట్లో గాలి పొడిబారి, కవరు లోంచి తీయగానే రికార్డు ధూళిని లాక్కుంటుంది. కార్బన్ ఫైబర్ బ్రష్‌ను మెత్తగా ఆనించి రెండు చుట్లు తిరగనిచ్చి తీసేయడం, గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టుకోవడం, ఈ రెండూ చాలు.

రెండు 'వేపర్ ట్రెయిల్స్'

1997 ఆగస్టులో కూతురు, 1998 జూన్‌లో భార్య పోయాక పీర్ట్ డ్రమ్స్ వదిలేసి మోటార్‌సైకిల్ మీద సుమారు 88,000 కిలోమీటర్లు తిరిగాడు. తిరిగి వచ్చాక చేసిన ఆల్బమ్ 2002 నాటి 'వేపర్ ట్రెయిల్స్'. ఇంత విలువైన రికార్డు మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు ధ్వనిని చివరిగా సరిచేసే దశలో, శబ్దం అతిగా పెంచడం వల్ల నలిగిపోయింది. తరంగాల శిఖరాలు తెగిపోయి, డ్రమ్ దెబ్బకూ గిటార్‌కూ మధ్య ఎడం లేకుండా పోయింది. 2013లో డేవిడ్ బోట్రిల్ చేసిన కొత్త మిక్స్‌తో కలిపి రెండూ వినే సమావేశం పెట్టాం. పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త తప్పనిసరి: ఫోన్‌లోని శబ్ద మీటరుతోనైనా సరే రెండింటి స్థాయినీ సమం చేయాలి. చేయకపోతే 2002ది బిగ్గరగా ఉంటుంది కాబట్టి అదే బాగుందని చెవి తీర్పు ఇచ్చేస్తుంది. సమం చేశాక 2013 మిక్స్‌లో తాళాల అంచులు, గొంతు వెనక పొరలు విడివిడిగా తెలుస్తాయి. అయినా పాతదాని బరువే ఆ బాధకు తగినదని కొందరు సభ్యులు గట్టిగా అన్నారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది.

ప్రయాణాలు

నగరంలో చూడాల్సినవి సబ్‌వే మీదే చూడొచ్చు. 1968లో రష్ పుట్టిన విల్లోడేల్‌లో, 2016లో తెరిచిన లీ లైఫ్‌సన్ ఆర్ట్ పార్క్ ఉంది. లైన్ 1లో నార్త్ యార్క్ సెంటర్ స్టేషన్‌కు దగ్గర. అదే లైన్ మీద క్వీన్స్ పార్క్‌లో దిగితే 'మూవింగ్ పిక్చర్స్' అట్ట మీద కనిపించే శాసనసభ భవనం. ఫొటోకు ఉదయమే వెళ్లండి, తర్వాత మెట్ల మీద జనం నిలుస్తారు.

సెయింట్ కాథరిన్స్‌లోని పోర్ట్ డల్హౌసీకి రోడ్డున సుమారు 110 కిలోమీటర్లు. పీర్ట్ పెరిగిన ఊరు. కుర్రతనంలో ఆయన పనిచేసిన లేక్‌సైడ్ పార్క్ ఇదే, 1975లో దాని మీదే పాట వచ్చింది. 2020 నుంచి అక్కడి పెవిలియన్‌కు ఆయన పేరుంది. వందేళ్లు దాటిన కొయ్య గుర్రాల రంగులరాట్నం టిక్కెట్టు నేటికీ అయిదు సెంట్లే, కనుక చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. అది వేసవిలోనే తిరుగుతుంది. పాటలో మే 24 ప్రస్తావన ఉండడంతో అభిమానులు విక్టోరియా డే వారాంతంలోనే వెళ్లాలనుకుంటారు. ఆ వారాంతం క్వీన్ ఎలిజబెత్ వే నయాగరా వెళ్లే కార్లతో కిక్కిరిసిపోతుంది. ఉదయం ఏడుకే బయలుదేరండి, లేదా ఆ తర్వాతి వారం పెట్టుకోండి.

క్యూబెక్‌లోని మోరిన్ హైట్స్‌కు, అంటే 'మూవింగ్ పిక్చర్స్' రికార్డు చేసిన ల స్టూడియో ఉన్న చోటికి, ప్రయాణం పెట్టమని సభ్యులు అడుగుతున్నారు. ఆ భవనం 2017లో మంటల్లో చిక్కుకుంది. ప్రైవేటు స్థలంలోకి చొరబడే ప్రయాణం మన బృందం పెట్టదు.

జనవరి 7, అక్టోబరు 6

2020 జనవరి 7న పీర్ట్ గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఏటా ఆ తేదీకి చేరువలో ఆయన రాసిన పాటలు వింటూ, సాహిత్యం చదువుకుంటున్నాం. ఈసారి మాటలు తగ్గించి పాటలు పెంచాం. అలాగే ఉంచితే మేలు.

2015 ఆగస్టు 1న లాస్ ఏంజెలెస్‌లోని ఫోరమ్‌లో ముగ్గురూ చివరిసారి వాయించారు. దానికి పదేళ్లు నిండిన ఏడాదే, అక్టోబరు 6న, లీ, లైఫ్‌సన్ మళ్లీ వేదిక ఎక్కుతామని ప్రకటించారు. జర్మనీకి చెందిన ఆనికా నిల్స్ డ్రమ్స్ వాయిస్తారు. పీర్ట్ రెండో భార్య, ఆ పెళ్లిలో పుట్టిన కుమార్తె కూడా తమ మద్దతు తెలిపారు. 2026 జూన్‌లో మొదలు అదే ఫోరమ్‌లో. టొరంటో కూడా జాబితాలో ఉంది. పీర్ట్ లేని రష్‌ను వినలేమన్న సభ్యులూ ఉన్నారు, ఆ రోజే సెలవు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కార్యవర్గం ఎవరినీ ఒప్పించే పని పెట్టుకోదు.

వెళ్లేవాళ్లకు చెవుల సంగతి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు సురక్షితమని లెక్క, ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. సంగీతం కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ మంద్రం నుంచి తారం దాకా అన్ని స్థాయిలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఫోమ్‌వి పై స్థాయిలను ఎక్కువగా మింగేస్తాయి, తాళాల మెరుపు పోతుంది. ఏవైనా సరే, రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకి లాగి లోపలికి పెట్టుకోవాలి. బయటే వేలాడితే పెట్టుకున్నా ఒకటే. పిల్లలకు ప్లగ్స్ కాదు, తలకు బిగించే మఫ్స్.

లెక్కలు, వచ్చే ఏడాది

ఖర్చులో పెద్ద భాగం హాలు అద్దె, తర్వాత స్పీకర్ల అద్దె. రశీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, సర్వసభ్య సమావేశంలో చూడొచ్చు. చందా పెంచే ఆలోచన లేదు.

వచ్చే ఏడాది సాధనకు 'టామ్ సాయర్' నడిమి వాద్యభాగం ఎంచుకున్నాం, ఏడు లెక్క మీద నడిచేది. మృదంగం, కహోన్ (పెట్టె డ్రమ్) వాయించే సభ్యులు మెట్రోనోమ్‌తో రావాలి. బేస్ వాయించేవాళ్లు కొత్త తీగలు ఎక్కించుకుని, కనీసం రెండు రోజులు సాగనిచ్చి తీసుకురండి. అదే రోజు ఎక్కించినవి శ్రుతి నిలపవు. హాలులో ప్లగ్ పాయింట్లు రెండే ఉన్నాయి, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎవరు తెస్తున్నారో కార్యదర్శికి ముందే చెప్పండి.