ప్రయాణ సమయం పూర్తిగా చెప్పాలి

సంపాదకుడు గారికి,

దూరదేశానికి కొత్త విమాన సర్వీసు మొదలైనప్పుడల్లా ఇన్ని వేల కిలోమీటర్లు, ఇన్ని గంటలు అని రెండు అంకెలు వేసి ఊరుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో వెతికినా చాలాచోట్ల దూరాన్ని గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించి తేల్చిన సమయమే కనిపిస్తుంది. మొదటిసారి విమానం ఎక్కేవాళ్లు దాన్నే నమ్ముతారు.

ఆ దూరం భూగోళం మీద రెండు నగరాల మధ్య ఉన్న అతి దగ్గరి దారిది. విమానం ఆ దారినే వెళ్లాలని లేదు. హెల్సింకి నుంచి టోక్యోకి సుమారు 7,800 కిలోమీటర్లు. 2022 ఆరంభం వరకు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో చేరేవారు. ఆ గగనతలం మూతపడ్డాక చుట్టూ తిరిగి వెళ్లడానికి 13 గంటల దాకా పడుతోంది. దూరాల పట్టికలో మాత్రం పాత అంకే ఉంది.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లండన్ నుంచి న్యూయార్క్‌కు ఎదురుగాలి వల్ల దాదాపు ఎనిమిది గంటలు పడితే, తిరిగి రావడానికి ఏడు చాలు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు వెనక నుంచి తోయడంతో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 4 గంటల 56 నిమిషాల్లోనే లండన్ చేరింది. అలాంటప్పుడు రానూపోనూ ఒకే సమయం ఎలా వేస్తారు?

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది మధ్యలో ఆగే సమయం. గాల్లో ఉండే గంటలు పెద్ద అక్షరాల్లో, ఎయిర్‌పోర్టులో పడిగాపులు కాసే గంటలు ఎక్కడో అడుగున వేస్తారు. చంటిపిల్లల తల్లికి, వేళకు ఇన్సులిన్ తీసుకోవాల్సిన పెద్దాయనకు కావాల్సింది మొత్తం గంటలు. అవి తెలిస్తేనే మందులు, తిండి సర్దుకోగలరు. ఇది సౌకర్యం కాదు, ఆరోగ్యం విషయం.

తేదీతోనూ టెన్షనే. లాస్ ఏంజెలెస్‌లో సోమవారం రాత్రి ఎక్కినవాళ్లు ఆక్లాండ్‌లో బుధవారం పొద్దున దిగుతారు. ప్రయాణం 13 గంటలే, కానీ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటుతారు; ఆ గీతను పడమరకు దాటగానే తేదీ ఒక రోజు ముందుకు జరుగుతుంది. ఇది తెలియక హోటల్ గదో, తర్వాతి విమానమో మంగళవారానికి బుక్ చేసుకుంటే ఆ డబ్బు పోయినట్టే.

టికెట్లు అమ్మే సంస్థలు బయలుదేరే గేటు నుంచి చివరి గేటు దాకా పట్టే మొత్తం సమయాన్ని ధర పక్కనే, అదే సైజులో చూపించాలి. వెళ్లేటప్పటిది, వచ్చేటప్పటిది విడివిడిగా ఉండాలి. దిగే తేదీతో పాటు వారం పేరు కూడా వేయాలి. మధ్యలో ఎయిర్‌పోర్టు మారాలా, సామాను మళ్లీ అప్పగించాలా అన్నది డబ్బు కట్టకముందే తెలియాలి. నియంత్రణ సంస్థలు దీన్ని తప్పనిసరి చేసేదాకా, కనీసం మీ పత్రికలో వచ్చే విమాన వార్తల్లోనైనా ఈ వివరాలన్నీ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు