పంది వేటలో కుక్కలన్నీ ఒకటి కావు

సంపాదకులకు,

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కుక్కలతో సాగే అడవి పందుల వేట గురించి రాసినప్పుడల్లా ‘కుక్కలను పంది మీదికి ఉసిగొల్పుతారు’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ఏ కుక్క పని ఏమిటో చెప్పకపోతే ఆ వేటలో కుక్కలు ఎందుకు చస్తున్నాయో పాఠకుడికి అర్థం కాదు.

మొదట జాడ తీసేది స్ట్రైక్ డాగ్. ప్లాట్ హౌండ్ లాంటి జాగిలాలు జాడ వెంట మొరుగుతూ పోతాయి. ఎటు వెళ్తున్నాయో మనకు తెలుస్తుంది, కానీ ఆ అరుపు పంది చెవినా పడి అది దూరంగా పరుగు లంకించుకుంటుంది. బ్లాక్ మౌత్ కర్, కాటహూలా జాతుల్లో చాలా కుక్కలు చప్పుడు చేయకుండా దగ్గరికి చేరి, పంది కంటబడ్డాకే గొంతు విప్పుతాయి. పక్కవాళ్ల పొలంలోకి కుక్క దాటకూడని చోట ఇవే మేలు. ఏ కుక్కకైనా మెడలో జీపీఎస్ పట్టీ ఉండాల్సిందే.

అసలు నేర్పు బే డాగ్‌ది. పందికి ఎదురు నిలిచి, మొహం మీదే మొరుగుతూ దాన్ని కదలనివ్వదు. పంది పారిపోబోతే వెనక నుంచి ఒక్క కాటు వేసి వదిలేస్తుంది, అది తిరిగి నిలబడగానే వెనక్కి తగ్గుతుంది. మరీ ఎడంగా ఉంటే పంది జారుకుంటుంది, మరీ మీదికి పోతే కోర దిగుతుంది. ఈ అంచనా నేర్పితే వచ్చేది కొంతే, మిగతాది పుట్టుకతో రావాలి. ఇలాంటివి రెండు మూడు చాలు. గుంపు పెరిగేకొద్దీ ఒకదాన్ని చూసి ఒకటి తెగించి మీద పడతాయి, గాయాలు అక్కడే మొదలవుతాయి.

పట్టుకునే పని క్యాచ్ డాగ్‌ది: అమెరికన్ బుల్‌డాగ్, పిట్‌బుల్, డోగో అర్జెంటీనో. దీన్ని చివరిదాకా గొలుసు మీదే నడిపించి, మిగతా కుక్కలు పందిని ఒకచోట నిలిపాక దగ్గర నుంచి వదలాలి. అది పంది చెవి పట్టాలి. మగపంది భుజాల మీద చర్మం కింద గట్టి కవచం ఉంటుంది, అక్కడ పన్ను దిగదు. చెవి దొరకగానే మనిషి వెనక నుంచి వచ్చి రెండు వెనక కాళ్లూ ఎత్తి పక్కకు పడేసి, ముందుకాలి వెనుక గుండెలో కత్తి దించాలి. కుక్కలు మీదుండగా తుపాకీ పేల్చకూడదు.

క్యాచ్ డాగ్‌ను తొందరపడి వదిలితే దాని ప్రాణానికే ముప్పు. అది దూరం పరిగెత్తి అలసిపోయి చేరుతుంది, పట్టిన పట్టు విడవదు, సాయానికి మనిషి ఉండడు. పంది కింది కోరలు పైవాటికి రాసుకుని ఎప్పుడూ పదునుగానే ఉంటాయి, మెడనూ పొట్టనూ చీలుస్తాయి. అందుకే వెడల్పాటి మెడపట్టీ, కెవ్లర్ అనే గట్టి నారతో చేసిన చొక్కా తొడుగుతారు. అయితే ఆ చొక్కాలో ఒంటి వేడి బయటికి పోదు. ఎండాకాలం రాత్రిపూటే వేటాడి, పని కాగానే చొక్కా విప్పి నీళ్లు పోయాలి. పైకి చిన్నగా కనిపించే కోర పోటు ఛాతీ లోపలికి దిగి ఉండొచ్చు. అలాంటిదాన్ని అక్కడికక్కడే స్టేపుల్ పిన్నులతో మూసేస్తే మురికి లోపలే ఉండిపోతుంది. శుభ్రమైన గుడ్డతో కప్పి వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

కోరలతో పాటు రోగం సంగతీ రాయండి. అడవి పందుల్లో ఉండే సూడోరేబిస్ అనే వైరస్ జబ్బు కుక్కకు సోకితే, లక్షణాలు కనిపించాక సాధారణంగా రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోతుంది, చికిత్స లేదు. పచ్చి మాంసం, పేగులు కుక్కలకు వేయకూడదు. పందుల్లో ఉండే బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా మనుషులకూ అంటుతుంది కాబట్టి పందిని కోసేవాళ్లు చేతులకు తొడుగులు వేసుకోవాలి.

ఇట్లు,
వేటకుక్కల పని తెలిసిన పాఠకులు